ఒక్క భయం మిగిల్చింది

ఆవిణ్ణి లాయంలో అందరూ అంగలమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ ఆ పేరుతో పిలిచే ఓపిక ఎవరికీ లేదు. ఇసక మైదానంలో ఒక కంచె నుంచి ఇంకో కంచె దాకా పెదవులు కదుపుతూ నడిచేది. మధ్యలో గుర్రానికి ఎన్ని అంగలు పడతాయో లెక్క చూసుకునేది. పేడ ఎత్తడానికి పెట్టుకున్న మనిషి ఇలా కొలతలు తీస్తుంటే స్వారీకి వచ్చే పెద్దింటి పిల్లలకి నవ్వులాటగా ఉండేది.

"అంగలమ్మా, మా ఇంట్లో హాలు కూడా ఓసారి కొలిచిపెట్టవూ?"

"ఎందుకు కొలవను బాబూ! ముందు దాని నోరు వదులు. కళ్ళేన్ని బావిలో చేద తోడినట్టు లాగుతున్నావు. దూకమంటావు, దూకే ముందు మెడ పట్టి వెనక్కి గుంజుతావు. నీ మెడకి కట్టి లాగితే నువ్వు దూకుతావా?"

నవ్వు అక్కడితో ఆగిపోయేది. పిల్లాడు చేతులు వదులు చేసేవాడు, గుర్రం కంచె దాటేది. ఆ ఘనత మాత్రం స్వారీ నేర్పే మాస్టారికి దక్కేది. ఆఫీసు గది గోడల నిండా మాస్టారి ఫోటోలే. గుర్రం గాల్లో, పక్కన మాస్టారు. కప్పు చేతిలో, పక్కన మాస్టారు. గుర్రాలకి దాణా పెట్టేవాళ్ళు, మాలీసు చేసేవాళ్ళు, గిట్టలు కడిగేవాళ్ళు ఏ ఫోటోలోనూ లేరు. ఒకదాంట్లో మాత్రం పగ్గం పట్టుకున్న చెయ్యి ఒకటి మోచేతి దాకా కనిపిస్తుంది.

అంగలమ్మ ఆ ఫోటోల దుమ్ము రోజూ తుడిచేది. పళ్ళు నూరుకుంటూ తుడిచేది.

ఆవిడ అక్కడ చేరింది జీతం కోసమని అందరూ అనుకున్నారు. జీతమే కావాలంటే ఇంటి వెనకే బట్టల మిల్లు ఉంది, నీడపట్టున పని. ఆవిడ చేరింది ఒక్క మాట కోసం. మాస్టారి నోటి నుంచి ఆ మాట రాలాలి. అందుకే నాలుగేళ్ళుగా పేడ ఎత్తింది.

ఆ మాట సంగతి ఇది. ఆవిడ అన్న అదే లాయంలో లాడాలు కొట్టేవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. చిన్నప్పుడు ఇంటి ముందు అన్న లాడం కొడుతుంటే గుర్రం తల పట్టుకుని నిలబడేది ఈవిడే. గుర్రానికి ఎక్కడ నొప్పో చెవులు చూసి చెప్పడం అక్కడే అబ్బింది. ఆరేళ్ళ కిందట పోటీల రోజున ఒక నల్ల గుర్రం కంచె దగ్గర మొరాయించి కూలబడింది. మీదున్న పిల్లవాడికి జబ్బ విరిగింది. పిల్లవాడి తండ్రి ఒంటికాలి మీద లేచాడు. మాస్టారు క్షణం కూడా తడుముకోలేదు.

"నిన్ననే లాడం కొట్టించాం. మేకు కండలోకి దిగింది. ఇదంతా వీడి నిర్వాకం."

అన్న బతిమాలాడు. "లాడం ఊడదీసి చూడండి మాస్టారూ. మేకు ఎక్కడ దిగిందో చూపించండి, ఇక ఈ సుత్తి ముట్టుకోను" అన్నాడు. ఎవరూ చూడలేదు. తెల్లారేసరికి గుర్రాన్నే ఎక్కడికో పంపించేశారు. గుర్రం పోయింది, సాక్ష్యం పోయింది, అన్న పని పోయింది. చుట్టుపక్కల ఏ లాయమూ ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. లాయాల్లో తప్పు ఎప్పుడూ కిందికే జారుతుంది. జీను మీద ఉన్నవాడి దగ్గర మొదలై గుర్రం మీద పడుతుంది, గుర్రం మీద నుంచి జారి గిట్ట దగ్గర వంగి కూర్చున్నవాడి నెత్తిన పడుతుంది. ఇప్పుడు అన్న లారీ టైర్లకి పంచర్లు వేస్తాడు. రోడ్డు మీద గుర్రం కనిపిస్తే తల తిప్పుకుంటాడు.

ఆ రోజుల్లో ఒకే ఒక్కసారి చెల్లెలితో అన్నాడు. "దూకే ముందు ఆ గుర్రం ముందుకి చూడలేదే. పక్కకి చూసింది, కంచె గుంజ వైపు. ఎందుకు చూసిందో నాకు అర్థం కావడం లేదు."

అంగలమ్మ ఆ మాట మూట కట్టుకుంది. పెళ్ళయి వేరే చోట కాపురం ఉన్న చెల్లెల్ని అక్కడ ఎరిగినవాళ్ళెవరూ లేరు. మొగుడు పోయాక వచ్చి లాయంలో చేరింది.

నాలుగో ఏట చుక్క మొరాయించడం మొదలుపెట్టింది.

చుక్క ఎర్రటి ఆడగుర్రం. నుదుటి మీద తెల్ల మచ్చ. లాయం మొత్తానికి దానంత ఎత్తు దూకే గుర్రం లేదు. అలాంటిది ఉన్నట్టుండి కంచెకి రెండంగల దూరంలో నాలుగు కాళ్ళూ ఇసకలో పాతేసి ఆగిపోయేది. కాదంటే పిచ్చి పట్టినట్టు అవసరానికి రెండింతల ఎత్తు ఎగిరి, గాల్లో మెలి తిరిగి పడేది. లాయం నడిపే కమిటీవాళ్ళు అడిగారు. మాస్టారు మళ్ళీ అదే పాట అందుకున్నాడు.

"ఈ కొత్త లాడాల మేస్త్రి చేతిలో పనితనం లేదు. కాళ్ళు పాడు చేసిపెట్టాడు."

అక్కడే పేడ బండి తోస్తున్న అంగలమ్మ ఆగిపోయింది. బండి వదిలేసి తిన్నగా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మాస్టారూ, చుక్కని నలభై రోజులు నాకు వదిలేయండి."

మాస్టారు కమిటీవాళ్ళ వైపు చూసి నవ్వాడు. "విన్నారా! ఇక మనకి పేడ ఎత్తేవాళ్ళు పాఠాలు చెబుతారు. కుదరకపోతే ఏమిస్తావమ్మా?"

"కుదరకపోతే తప్పు నాదేనని చెప్పుకోండి. ఎలాగూ ఎవరో ఒకరి మీద వేస్తారుగా."

మాస్టారికి బేరం నచ్చింది. గుర్రం బాగుపడితే పేరు తనది, పాడైతే నింద ఈవిడది.

"ఒక్క షరతు" అంది అంగలమ్మ. "ఈ నలభై రోజులూ మీరు మైదానంలోకి రాకూడదు."

"నేనెందుకొస్తానమ్మా నీ సర్కస్ చూడటానికి!"

గుర్రం దూకనంటే దానికేదో కారణం ఉంటుంది. మొండితనం అనే మాట, కారణం వెతకడానికి బద్ధకించేవాళ్ళు కనిపెట్టింది. అంగలమ్మ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు తడిమింది, కళ్ళెం ఒరుసుకున్న పుండు లేదు. జీను తీసి వెన్ను మీద బొటనవేలితో నొక్కుకుంటూ పోయింది, చర్మం ఎక్కడా ఉలికిపడలేదు. కొత్త మేస్త్రిని పిలిచి నాలుగు గిట్టలూ ఎత్తించి చూసింది.

"నా పని మీద నమ్మకం లేదా అక్కా?" అన్నాడతను నొచ్చుకుని.

"నీ పని బాగుందని నా కళ్ళతో నేను చూడాలి నాయనా. రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి."

రెండు కంచెల మధ్య దూరం కొలిచింది, నాలుగు అంగలు సరిగ్గా ఉన్నాయి. ఒంట్లో నొప్పి లేదు, కొలతలో తేడా లేదు, మీద ఎవరెక్కినా ఆగుతోంది. అంటే అది ఆగుతున్నది దేన్నో చూసి.

పొడవాటి తాడు కట్టి తన చుట్టూ పరిగెత్తిస్తూ, మోకాలెత్తు కంచె మీదికి వదిలింది. దాటింది. కొత్త మేస్త్రిని కంచె గుంజ పక్కన నిలబెట్టి వదిలింది. చుక్క తల తిప్పింది. ముందుకి కాదు, పక్కకి, గుంజ వైపు. ఆగిపోయింది.

అంగలమ్మ తాడు వదిలేసింది. అన్న చెప్పిన చూపు అదే.

వెళ్ళి చుక్క ముందుకాళ్ళ దగ్గర కూలబడి, మోకాలి కింది ఎముక మీద వెంట్రుకలకి ఎదురుగా వేళ్ళు నడిపింది. పైకి ఏమీ కనిపించదు. వేలికి మాత్రం శనగగింజంత గట్టి గడ్డలు తగిలాయి, వరసగా, రెండు కాళ్ళకీ ఒకే ఎత్తులో.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. చుక్క దూకే వేళకి పెద్దాయన ఎప్పుడూ మైదానంలో ఉండడు. పెద్దాయన అంటే ముప్పై ఏళ్ళుగా లాయంలో ఉన్న మాలీసు మనిషి. గుర్రం కాలు బెణికినా, పనివాళ్ళ ఇళ్ళల్లో గొడవైనా ఆయన దగ్గరికే వెళతారు. చుక్కని బయటికి తీశారంటే చాలు, ఆయనకి జీన్ల గదిలో ఏదో పని గుర్తుకొచ్చేది.

అంగలమ్మ జీన్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. ఆయన తోలు పట్టీలకి నూనె రాస్తున్నాడు.

"బాబాయ్, చుక్క కాళ్ళ మీద ఆ గడ్డలేమిటి?"

"ఏ గడ్డలు? నాకేం కనబళ్ళేదే."

"కళ్ళకి కనపడవు. చేతికి తగులుతాయి. ముప్పై ఏళ్ళుగా మాలీసు చేస్తున్న చేతికి తగల్లేదంటే నమ్మడానికి నేను చెవిలో పువ్వు పెట్టుకోలేదు."

పెద్దాయన నూనె రాయడం ఆపాడు. గుడ్డ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. చివరికి గది మూల గోనెసంచుల వెనకకి చూపించాడు. అక్కడో బోలు ఇనప గొట్టం ఉంది. కంచె కర్రల్లాగే తెల్లరంగు వేసి ఉంది.

"మధ్యాహ్నం పూట, గేటు వేసేసి..." అన్నాడు గొంతు తగ్గించి. "గుర్రం గాల్లో ఉండగా గుంజల పక్కన ఇద్దరం కూర్చుని దీన్ని ఒక్కసారి పైకి ఎత్తుతాం. ఎముకకి ఠంగున తగులుతుంది. తాను కంచెని తన్నుకున్నాననుకుని మర్నాడు జానెడు పైకి ఎగురుతుంది. పోటీల ముందు వారం రోజులు చేస్తాం. కొన్ని గుర్రాలు ఎగురుతూనే ఉంటాయి. కొన్నిటికి ఇక మనసు విరిగిపోతుంది."

"ఇద్దరం అంటున్నావు. ఒక కొస మాస్టారు. రెండో కొస ఎవరు బాబాయ్?"

ఆయన గుడ్డతో పట్టీని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"ఆరేళ్ళ కిందట నల్ల గుర్రానికి?"

"పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను తల్లీ. కాదంటే నన్నెవరు ఉంచుకుంటారు?"

"లాడాల మనిషిని గెంటేస్తుంటే చూస్తూ నిలబడ్డావు."

"నా నోరు నాది కాదమ్మా ఇక్కడ."

"ఆయన మా అన్న."

పెద్దాయన చేతిలో నూనె గిన్నె వొలికిపోయింది. అంగలమ్మ వంగి తుడవలేదు. "కమిటీ వచ్చిన రోజున ఇదే మాట అడుగుతాను. అప్పుడు నీ నోరు నీదో కాదో అందరి ముందూ చూసుకుందాం" అని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ముప్పై రోజులు ఆవిడ చేసిన పని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ముందు కంచెలన్నీ తీయించింది. ఒక్క కర్రని నేల మీద పడేసి దాని మీదుగా చుక్కని నడిపించింది. నాలుగు రోజులు అంతే. తర్వాత రెండు కర్రలు, తర్వాత మడమెత్తు. గుంజ పక్కన చీపురు ఆనించి, దాని కిందే దాణా పళ్ళెం పెట్టింది. చుక్క మొదటి రోజు పళ్ళెం వైపు రాలేదు. మూడో రోజు మెడ చాచింది. వారానికి చీపురు పుల్లలు కొరికింది. చీపురు పోయి పలుగు వచ్చింది, పలుగు పోయి మేస్త్రి వచ్చాడు, చేతిలో గడకర్ర పట్టుకుని నిలబడ్డాడు. అతని జేబులో క్యారెట్ ఉందని కనిపెట్టాక చుక్క అతన్ని చూసి ఆగడం మానేసి, అతని కోసం కంచె దాటడం మొదలుపెట్టింది. నలభయ్యో రోజుకి భుజమంత కంచె, పక్కన ఎవరున్నా, చేతిలో ఏమున్నా, కొంగు ఎగరేసినంత తేలిగ్గా దాటేసేది.

చేతిలో ఏమున్నా అంటే, ఒక్కటి తప్ప. పక్కన ఎవరున్నా అంటే, ఒక్కడు తప్ప.

తెల్ల గొట్టాన్ని ఆవిడ ఒక్కరోజు కూడా బయటికి తీయలేదు. తీసి, పది రోజులు దాని పక్కన పళ్ళెం పెడితే ఆ భయమూ పోయేదని ఆవిడకి తెలుసు. చెయ్యలేదు. చుక్క ఒంట్లో అన్ని భయాలనీ ఒక్కొక్కటే పీకేసి, ఆ ఒక్కదాన్నీ పదునుగా ఉంచుకుంది. మనిషి సాక్ష్యం చెప్పకపోతే గుర్రం చెబుతుంది. దాన్ని కూడా రాత్రికి రాత్రి పంపించేసేలోగా చెప్పాలి, అందరి ముందూ చెప్పాలి.

కమిటీ వచ్చిన రోజు మైదానం పక్కన కుర్చీలు వేశారు. అధ్యక్షురాలు, ఆవిడ పక్కన గుర్రాల డాక్టరు, మరో ముగ్గురు. స్వారీ నేర్చుకునే పిల్ల ఒకతె చుక్కనెక్కి ఏడు కంచెలూ తగలకుండా దాటించింది. చప్పట్లు కొట్టారు. మాస్టారు దూరంగా కమ్మీ మీద చేతులానించి, అంతా తన చలవే అన్నట్టు తల ఊపుతున్నాడు.

అంగలమ్మ పిల్లని దింపేసింది. ఎవరి పిల్ల ఎముకా విరక్కూడదు, తన పగ పిల్లల మీద కాదు. జీను విప్పి, పొడవాటి తాడు కట్టి, అధ్యక్షురాలి వైపు తిరిగింది.

"మేడమ్, ఇంత పేరున్న మాస్టారు, ఆయన లేని ఫోటో ఏం బాగుంటుంది? చుక్క గాల్లో ఉండగా మాస్టారు గుంజ పక్కన నిలబడితే, గోడకి పెట్టుకోవచ్చు."

"నిజమే. వెళ్ళండి మాస్టారూ" అందావిడ.

ఫోటో అంటే మాస్టారికి కాళ్ళు ఆగవు. టోపీ సర్దుకుని వచ్చి, గుంజ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అంగలమ్మ తాడు వదులు చేసింది. చుక్క ఊపుగా వచ్చింది. రెండంగల దూరంలో మెడ పక్కకి తిప్పి, ఇసక లేచేలా ఆగిపోయింది. ఆ తర్వాత రెండుసార్లూ అంతే.

"చెప్పానుగా, మొండిదని" అన్నాడు మాస్టారు.

"మీరు కాస్త పక్కకి రండి." ఆయన వచ్చాడు. మేస్త్రి వెళ్ళి నిలబడ్డాడు. చుక్క దాటేసింది. "మళ్ళీ వెళ్ళండి మాస్టారూ." ఆయన వెళ్ళలేదు. ఆయనకి అర్థమైపోయింది. గుంజకి ఇంకా దూరంగా జరిగాడు.

అంగలమ్మ సైగ చేసింది. మేస్త్రి జీన్ల గదిలోంచి తెల్ల గొట్టం తెచ్చి ఇసకలో పడేశాడు. చుక్క వెనక్కి ఒక్క గెంతు గెంతింది. చెమటలు పట్టి, కళ్ళలో తెల్లగుడ్డు కనిపించేలా వణికిపోయింది. తాడు అంగలమ్మ అరచేతులు కోసేసింది. అయినా వదల్లేదు. చుక్క పారిపోవడానికి చూస్తోంది, ఆవిడ పోనివ్వలేదు.

"డాక్టరుగారూ, వచ్చి దాని ముందుకాళ్ళు తడిమి చూడండి."

డాక్టరు తడిమాడు. లేచి, గొట్టం వైపు చూసి, మాస్టారి వైపు చూశాడు. "ఇవి లాడాల వల్ల వచ్చినవి కావు" అన్నాడు.

"ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు" అంది అంగలమ్మ. "ఒక కొస మాస్టారిది. రెండో కొస పట్టుకున్నదెవరు?"

పనివాళ్ళంతా నేల చూపులు చూశారు. మాస్టారు పెద్దాయన వైపు ఉరిమి చూశాడు. బహుశా ఆ చూపే పని చేసింది. పెద్దాయన రెండడుగులు ముందుకి వేశాడు.

"నేనే. చుక్కకీ నేనే, ఆరేళ్ళ కిందట నల్లదానికీ నేనే. లాడాల మనిషి తప్పేం లేదు. ఆ రాత్రి గుర్రాన్ని పంపించే ముందు ఆ లాడం నేనే ఊడదీశాను. మేకు ఎక్కడా దిగలేదు."

"ఊళ్ళో అందరూ చేసేదే ఇది!" అని అరిచాడు మాస్టారు.

"అది కాదు నేనడిగేది" అంది అంగలమ్మ. "మేకు దిగిందా, లేదా?"

"...లేదు."

"వినపడలేదు మాస్టారూ."

"దిగలేదు!"

"ఇక్కడ కాదు. ఆ లాడాల మనిషి మా అన్న. ఆయన ముందు చెప్పండి. లేదంటే డాక్టరుగారు రాసిచ్చే కాగితం ప్రతి లాయానికీ వెళుతుంది. వచ్చి చెబితే ఆలోచిస్తాను."

పంచర్ల షాపు ముందు అధ్యక్షురాలి కారు ఆగేసరికి అన్న టైరు నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. మాస్టారు నలుగురు లారీ డ్రైవర్ల మధ్య నిలబడి, మేకు దిగలేదనీ, అబద్ధం ఆడాననీ చెప్పాడు. అంగలమ్మ ఆ మొహాన్ని తనివితీరా చూసింది. ఆరేళ్ళ ఆకలికి ఆ రోజు కడుపు నిండింది. అందులో దాపరికం ఏమీ లేదు.

అన్న మాస్టారి వైపు చూడలేదు. చెల్లెల్ని అడిగాడు.

"ఎలా ఒప్పించావు?"

ఆవిడ మొత్తం చెప్పింది. గొట్టం, చీపురు, పళ్ళెం, ఫోటో. అన్న మొహంలో వెలుగు వస్తుందని ఎదురుచూస్తూ చెప్పింది.

"అంటే ఆ ఒక్క భయం కావాలనే వదిలేశావు."

"వదిలేశాను. లేకపోతే నీ పేరు..."

"వదిలేసి, తాడు పట్టుకుని, దాన్ని ఆ గొట్టం ముందే నిలబెట్టావు. పారిపోతుంటే పోనివ్వలేదు."

అంగలమ్మ కోసుకుపోయిన అరచేతులు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

"మీరు వెళ్ళండి" అన్నాడు అన్న మాస్టారితో. టైరు లేపి గోడకి ఆనించాడు. "నువ్వు కూడా వెళ్ళవే. దానికి నయమయ్యాక రా. అప్పుడు మాట్లాడుకుందాం."

"అన్నా, ఇదంతా నీ కోసమే కదా!"

"నా కోసమే. అందుకే చెబుతున్నా."

మాస్టారి కొలువు ఆ సాయంత్రమే పోయింది. డాక్టరు కాగితం గురించి ఆలోచిస్తానన్న అంగలమ్మ ఆలోచించింది. మర్నాడు పొద్దున్నే పధ్నాలుగు లాయాలకి పధ్నాలుగు నకళ్ళు పంపించింది. అన్నని గుమ్మం ఎక్కనివ్వని లాయాలన్నిటికీ. తపాలా పెట్టెలో ఒక్కో కవరూ వేస్తున్నప్పుడు చెయ్యి ఏమాత్రం తడబడలేదు. మాస్టారు ఎక్కడ పని అడిగినా, ఆ గుమ్మంలో ఆయన కంటే ముందే ఆ కాగితం ఉంటుంది.

అక్కణ్ణించి లాయానికి వచ్చి, చేతులకి గుడ్డ చుట్టుకుని, తెల్ల గొట్టం తీసుకుని చుక్క గదికి వెళ్ళింది. ఎప్పుడూ ఆవిడ అడుగు చప్పుడికే తలుపు మీద గడ్డం పెట్టే గుర్రం, ఆ రోజు ఆవిణ్ణి చూసి వెనక గోడ దాకా జరిగిపోయింది. గొట్టాన్ని చూసి కాదు. గొట్టం ఇంకా తలుపు బయటే ఉంది.

అంగలమ్మ గొట్టాన్ని నేల మీద పెట్టి, దాణా పళ్ళెం దాని పక్కన పెట్టి, తానూ అక్కడే కూర్చుంది. మధ్యాహ్నం దాకా చుక్క రాలేదు. ఆవిడా లేవలేదు.